కంపకు ఇవతల నిలిచిన అజీజక్క

అజీజక్క బోధన్‌లో మంత్రసాని. చుట్టుపక్కల చెరకు ఊళ్ళల్లో చాలామందిమి ఆమె చేతుల మీద పుట్టినవాళ్ళమే. కానుపు చేసిన ఇంట్లో అన్నం తినేది కాదు. "బాలింతకు పెట్టుండ్రి, నాకు చాయ చాలు" అనేది.

అరవై నాలుగులో, చెరకు కొట్టే రోజుల్లో, మా ఊళ్ళో గత్తర పుట్టింది. వాంతులు, విరేచనాలతో ఇద్దరు పోయారు. పెద్దలు పాత పద్ధతిలో ఊరికి కట్టు పెట్టారు. పొలిమేర బాటకు అడ్డంగా తుమ్మకంప వేయించి, వేపకొమ్మ గుచ్చారు. గత్తర పోయిందని డప్పు కొట్టి చాటేదాకా లోపలివాళ్ళు బయటికి పోవద్దు, లోపలికి వచ్చినవాళ్ళూ తిరిగి పోవద్దు. మన బాధ పక్క ఊరికి అంటవద్దని ఆ కట్టు. కోసిన చెరకు చేలల్లోనే ఎండింది, ఒక్క బండీ కదలలేదు.

అప్పుడే మా ఊళ్ళో నిండు చూలాలు ఈరవ్వకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. కంప దగ్గర కావలి ఉన్న కొమురయ్య, అవతలి బాటన పోయే బండివాడికి కేకేసి బోధన్‌కు కబురు పంపాడు. పొద్దు గూకకముందే అజీజక్క వచ్చింది.

"అక్కా, లోపలికొస్తే మళ్ళ పోనియ్యరు. శుక్రారం నీ కొడుకు జమీల్ నిఖా గదా," అన్నాడు కొమురయ్య.

"ఎరుకే. కంప జరుపు."

తెల్లవారేసరికి తల్లీ బిడ్డా దక్కారు.

గురువారం కొమురయ్యే మనసాగక ఈరవ్వ ఇంటికి వచ్చాడు. "చెరకు తోటలకెల్లి పో అక్కా. నేను అటు సూడ."

"కొత్త కోడలికి గత్తరను కట్నం పెట్టాల్నా? మంచి కావలోనివే దొరికినవు ఊరికి," అని నవ్వింది. కానీ ఆ మధ్యాహ్నం నమాజు చేసుకుని చాలాసేపు లేవలేదని ఈరవ్వ తర్వాత చెప్పింది.

శుక్రవారం నిఖా కాగానే జమీల్ పెండ్లికూతురు హుస్నాను బండిలో ఎక్కించుకుని నేరుగా మా పొలిమేరకు వచ్చాడు. ఊరంతా కంపకు ఇవతల చేరింది. జమీల్ దిగి, "అమ్మీ" అంటూ కంప మీద చెయ్యి వేశాడు.

"ఆడ్నే ఆగు," అంది అజీజక్క. "నీ ఎనుక పిల్ల ఉన్నది."

అతడు చెయ్యి తీసేశాడు. హుస్నా బండిలోనే లేచి నిలబడి, అంతమంది చూస్తున్నా, అత్త కోసం ముసుగు ఎత్తింది. అజీజక్క కండ్ల నిండా చూసుకుంది. రెండు చేతులూ గాలిలోనే తిప్పి దిష్టి తీసి, కణతలకు ఆనించి మెటికలు విరిచింది.

"సల్లగ బతుకుండ్రి. ఇగ పోండ్రి, పిల్ల ఎండకు నిలబడ్డది."

బండి మలుపు తిరిగింది. బాలింతకు నీళ్ళు పోసే వేళయిందంటూ ఆమె వెనక్కి నడిచింది. ఎవరూ చెప్పలేదు, దేవుడి రథం వస్తే జరిగినట్టు మేమంతా రెండు పక్కలా జరిగి తోవ ఇచ్చాం.