గాజు కన్ను మీద తువ్వాలు

ఊరు వదిలొచ్చి పాండేసరలో మేం పనిచేసే బట్టల అద్దకం మిల్లులో పాత ట్యూబులు పీకేసి, ఒక్కో మిషన్ నెత్తిన ఒక్కో ఎల్‌ఈడీ లైటు బిగించారు. ఎదుటి స్తంభానికి బొటనవేలంత గాజు కన్ను. మిషన్‌లో నీళ్లు ఎంత వేడెక్కాయో ఆ లైటు మన కంటికి ఆనకుండా మినుకుమంటూ చెబుతుందట. కన్ను దాన్ని పట్టుకుని పై గదిలోని కంప్యూటర్‌కు పంపుతుందట. సూపర్‌వైజర్ ఇదంతా హిందీలో నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వే నాకు నచ్చలేదు. పన్నెండేళ్లుగా మీటరు చూసి వేడి చెప్పడానికి మేం లేమా? టీకి వెళ్లినా బీడీకి వెళ్లినా ఆ కన్ను నా వీపునే చూస్తున్నట్టుండేది.

"వేడి లేదు, గీడి లేదు బావా. మనల్నే సూస్తది గా కన్ను" అన్నాను, పక్క మిషన్ మీదున్న మా అక్క మొగుడితో.

బావకు భయం పట్టుకుంది. ఆయనకు షుగర్. గంటకోసారి బాత్రూంకు పరుగెత్తాలి. ఆ సంగతి తెలిస్తే మిల్లులో ఉండనివ్వరని ఎవరికీ చెప్పలేదు.

"జర నువ్వే ఏదన్న జెయ్యి బామ్మర్దీ" అన్నాడు.

చేశాను. ఆయన అటు కదలగానే, చెమట తుడుచుకున్నట్టు నటించి నా తువ్వాలు ఆయన మిషన్ ఎదుటి కన్ను మీద వేసేవాణ్ణి. ఆయన రాగానే తీసేవాణ్ణి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నెల తిరక్కుండానే బావను పనిలోంచి తీసేశారు. మండిపడుతూ పై గదికి వెళ్లాను. సూపర్‌వైజర్ కంప్యూటర్ నా వైపు తిప్పాడు. నీళ్ల వేడి గీత, నడుమ నడుమ ఖాళీలు. ఆ కన్నుకు మనిషి కనబడడని, వేడి లెక్క తప్ప ఏదీ అందదని మళ్లీ చెప్పాడు. గీత తెగినప్పుడల్లా కన్ను పాడైందేమోనని కిటికీలోంచి కిందికి చూశాడట. చూసినప్పుడల్లా కన్ను మీద తువ్వాలుంది, మిషన్ దగ్గర బావ లేడు. అంతకుముందు ఆయన రాకపోకలు ఎవరి కంటా పడనేలేదు.

గేటు బయట బావ టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"నువ్వు జెప్పిందే నిజం బామ్మర్దీ. తువ్వాల గప్పినా సూశింది సూడు."

పట్టించింది నా తువ్వాలేనని చెప్పబోయాను. సిగ్గు, భయం రెండూ అడ్డుపడ్డాయి.

"అవ్ బావా" అన్నాను. "గా కన్ను బట్టలకెల్లి గూడ సూస్తది."