చిన్నాన్న ప్రసంగం, మామ్మ మిరపకాయలు

పిజ్జాతో పాటు ఇచ్చిన చిల్లీ ఫ్లేక్స్ పొట్లం చింపగానే తుమ్మొచ్చింది. వెంటనే మా చిన్నాన్న ప్రసంగం గుర్తొచ్చింది. రెండింట్లో ఘాటున్నది పొట్లమే.

అనకాపల్లిలో మా మామ్మ పండుమిరపకాయలు తెచ్చి, తొడిమలు తీసి, డాబా మీద గలగలలాడేదాకా ఎండబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచేది. నా ఎనిమిదో ఏట ఒక ఆదివారం అలా దంచి, మబ్బు పట్టిందని ఆ కారాన్ని చేటలో పోసి ముందుగదిలో బీరువా మీద ఆరబెట్టింది. మధ్యాహ్నం ఆ గదిలోనే ప్రార్థన కూడిక. కరెంటు లేదు. చిన్నాన్న వాక్యం చెబుతుంటే జనం ఆవలిస్తున్నారు. పనీపాటా లేని మనిషికి గొంతు మాత్రం మైకంత.

"ఏడవండి! మీ పాపాలకి ఏడవండి!" అని ఆయన అరుస్తుండగా కరెంటొచ్చింది. ఫ్యాన్ గిర్రున తిరిగింది. చేటలోని కారం గదంతా లేచింది. అందరి కళ్లూ ధారలు కట్టాయి.

"సూసేరా, ఆత్మ దిగింది!" అన్నాడు చిన్నాన్న, దగ్గుతూనే.

నేను నమ్మేశాను. లేచి నిలబడి, కుండలో బెల్లం దొంగిలించానని వెక్కుతూ ఒప్పుకున్నాను. అంతమందిలో నోరు విప్పిన పాపిని నేనొక్కదాన్నే. ఆ కన్నీళ్లు తన ఘనతేనని చిన్నాన్న ఇప్పటికీ చెప్పుకుంటాడు, సిగ్గులేకుండా.

మామ్మ ఒక్కతే ఏడవలేదు. చేట దించి వంటింట్లోకి పట్టుకెళ్తుంటే వెనకే వెళ్లాను.

"మామ్మా, నీకు పాపాల్లేవా?"

"నా ఏడుపు పొద్దున్న దంచినప్పుడే అయిపోనాదే. ఆ బెల్లం ఎక్కడ దాసేవో అది సెప్పు."