దడిల మిగిలిన సందు

జర చాయ్ తాగుకుంట ఇనుండ్రి. మొన్న ఆయితారం మా చెల్లె సుజాత పెండ్లిచూపులల్ల నేను చేసిన పనికి నవ్వాల్నో ఏడ్వాల్నో ఇంకా సమజైతలేదు!

పిలగాని నాయిన ఇండ్లు కట్టిచ్చే కాంట్రాక్టర్. "ఇంటి ముందటి తీరు చూసే, మనిషెసొంటోడో చెప్తడాయన" అన్నడు సంబంధం తెచ్చిన మామ. నా గుండెల రాయి పడ్డది. మా ముందటి మట్టిగోడ వానలకు కూలింది. పక్కింటి ఎల్లమ్మక్క మేక తన ఇల్లే అన్నట్టు ఒచ్చి పోతాంది. కట్టె దడి కడ్తనన్న.

"కట్టెపని చేసే వడ్లాయనను పిలువరాదయ్యా?" అన్నది మా ఆమె.

"చౌరస్త దుకాన్ల పొద్దుందాక బట్ట కొలిచేటోన్ని, నాలుగు కట్టెలు కొలవలేనా?"

సందులన్నీ ఒక్కతీరుగ రావాల్నని లెక్కేసి, సందుకు సరిపోను ఒక చెక్కముక్క కోసుకున్న. కట్టె పట్టీ కొట్టుడు, పక్కకు ముక్క పెట్టుడు, మళ్ల పట్టీ కొట్టుడు. ఫస్ట్‌క్లాస్‌గ ఒస్తాంది! నడుమ ఇంకో ఫికర్. కాంట్రాక్టర్ కూసునే కుర్చి ఊగుతాంది! ఉరికి పోయి చేతిలున్న ముక్కనే దాని కాలు కింద పెట్టిన. మళ్లొచ్చి చెక్కల కుప్పలకెల్లి ఇంకో ముక్క తీసి పని సాగించిన. అది సన్నదని చూసుకోలే!

సందులు ఇరుకై పట్టీలు ముందుగాలనే అయిపోయినయి. దడి అయిపోలే. చివర్ల ఇంత పెద్ద సందు, సక్కగ మేక పట్టేటంత! ఇంకో పట్టీ తెద్దామంటే గల్లి మొదట్ల వాళ్ల అంబాసిడర్ హారన్.

ఏం చెయ్యాలె? ఆ సందుల నేనే నిలబడ్డ.

అందరు లోపల్కి పోయిండ్లు. నేను కదలలే. ఎనుకనుంచి మేక నా టెర్లిన్ చొక్క నములుతాంది! కాంట్రాక్టర్ బయటికొచ్చిండు.

"ఏం తమ్మీ, లోపల్కి రావా?"

"గాలికి నిలబడ్డనండి."

"గాలెక్కడిదయ్యా? చెమటలు కారుతానయి! రా, నువ్వు లేకుంట మాటలేంది?"

చెయ్యి పట్టి గుంజిండు. నేను లోపల్కి, నా ఎనుక మేక లోపల్కి! సక్కగ పోయి పిలగాని ముందటి తమలపాకుల పళ్లెంల మూతి పెట్టింది. సంబంధం ఇగ మంట్ల కల్సిందనుకున్న.

అప్పటిదాక తల ఎత్తని సుజాత దిగ్గున లేచింది. మేక చెవు పట్టి బయటిదాక ఈడ్చుకపోయింది. చేతులు దులుపుకొని ఒచ్చి, మళ్ల తల దించుకొని కూసున్నది.

ముందుగాల పిలగాడు నవ్విండు. ఎనుక వాళ్ల నాయిన బయటి దడి సందు దిక్కు, నా దిక్కు చూసి కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. "పిల్ల మాకు నచ్చిందయ్యా!" అన్నడు.

లగ్గం ఖాయమైంది. నిన్న వాళ్లింటి నుంచి కబురు: "పందిరి గుంజలు మేమే పాతిచ్చుకుంటం. బావను మాత్రం ఆడ నిలబడనియ్యకుండ్రి, గుంజనుకొని తోరణం కడ్తరు!"

అననియ్యుండ్రి! నేను కొట్టిన పట్టీలకంటె నేనే సక్కగ నిలబడ్డ గదా!