అల్లాబకాష్ చూడని జీపు

అల్లాబకాష్ ప్రొద్దుటూరు వాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే నా మనసుకు నెమ్మది. అతనిది రాయచోటి పక్కన ఓ పల్లె. జెద్దాలో, బలద్ అనే పాతబజారు సందుల్లో, గడియారాలు బాగుచేసే కొట్లో పని. పక్క కొట్లో నేను బట్టలు అమ్మేవాణ్ణి. ఇద్దరిదీ ఒకటే గది.

తేలని కేసులంటే అతనికి పిచ్చి. ఊరినుంచి వచ్చేవాళ్లు పచ్చడి సీసాలకు చుట్టుకొచ్చిన పాత పేపర్లు కూడా సాపు చేసి హత్య వార్తలు వెతుక్కునేవాడు. "బామ్మర్దే చంపినాడు, రాసిపెట్టుకో మనోహరన్నా" అనేవాడు. ఏళ్ల తరబడి ఎవరికీ తేలనిది ఈయనగారికి టీ చల్లారేలోపు తేలిపోయేది. నాకు ఒళ్లు మండేది.

2007లో ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి ఓ పరిచయాల సైట్‌లో చేరాడు. సొంతూరు రాయాల్సిన గడి దగ్గర ఆగాడు. "రాయచోటి అంటే ఎవరు చూస్తారన్నా? పొద్దుటూరు అని పెడతా. బంగారం అంగళ్ల ఊరు." పెట్టుకో, నాదేం పోయింది అన్నాను. ఆ పాపంలో నాకూ పాలుంది.

పదిరోజులకు హాజిరా రాసింది. సౌదీలోనే, ఉత్తరాన తబూక్‌లో ఓ ఆసుపత్రిలో నర్సు. అసలైన ప్రొద్దుటూరు పిల్ల. ఇతని మాదిరే ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లు. ఫోన్లు మొదలయ్యాయి. "మన కడప మాట చెవినబడి ఎన్నాళ్లయిందో" అందట. ఇక వాడి కాళ్లు నేలమీద నిలిస్తే ఒట్టు.

రెండు నెలలు పోయాక ఆమె ఓ మాట అడిగింది. తొంభై ఎనిమిదిలో పరుపుల అంగడి ఖాసింసాబ్ కనబడకుండా పోయాడు కదా, ఆ సంగతి గుర్తుందా అని. ఆ వార్త ఇతను పేపర్లో చదివాడు, అంతే. అంతటితో ఆగితే అల్లాబకాష్ ఎందుకవుతాడు?

"పెన్న వంతెన కాడ నేను కండ్లారా చూసినా. ఇద్దరు మనుషులు ఆయన్ను జీపులో ఏసుకొని పోతాండ్రి. అప్పటికే పానం లేదు" అన్నాడు.

హాజిరా వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదో రోజు తనే చేసింది.

"ఖాసింసాబ్ మా నాయన. తొమ్మిదేండ్లుగా మాయమ్మ నల్లపూసలు తియ్యలేదు. నువ్వు చెప్పింది ఆమెకు చెప్పినా. మక్కా పక్కనుండేవాడు అబద్ధమెందుకు చెప్తాడని నిన్న తెంపేసింది. ఇద్దత్‌లో కూర్చున్నాది."

ఇద్దత్ అంటే భర్త చనిపోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా పాటించే దుఃఖం. హాజిరా అన్నదంతా వచ్చి నాకు చెప్పాడు. నాకు జాలి కలగలేదు.

"నీ నోట్లో మన్ను పడ! ఆ మనిషి యాడన్నా బతికుంటే? ఫోన్ చేసి నిజం చెప్పు" అన్నాను.

నా ఎదుటే హాజిరాకు చేశాడు. తనది ప్రొద్దుటూరు కాదనీ, వంతెన కాడ ఏమీ చూడలేదనీ చెప్పాడు.

"మాయమ్మకు నేను చెప్పలేను. తెంపించినోడివి నువ్వు. నువ్వే చెప్పు" అని ఇంటి నంబరిచ్చి పెట్టేసింది.

శుక్రవారం నమాజు అయ్యాక ఇద్దరం ఫోన్ క్యాబిన్‌లో ఇరుక్కున్నాం. చెప్పాల్సిన నాలుగు ముక్కలూ దారిపొడుగునా వల్లెవేసుకుంటూ వచ్చాడు. రిసీవర్‌కు నేనూ చెవి ఆనించాను. ఇద్దత్‌లో ఉన్నామె పరాయి మగవాడితో మాట్లాడదు. అయినా పేరు చెప్పగానే హాజిరా తల్లి మాబున్నీ ఫోన్ అందుకుంది.

"అమ్మా, నేను..." అన్నాడు.

"తెలుసు నాయనా. ఆయన్ను కడాకు చూసినోడివి నువ్వే. ఒకే ఒక మాట అడుగుతా. తొమ్మిదేండ్లుగా నన్ను తినేస్తాండాది. శానా బాధపడి పోయినాడా?"

అల్లాబకాష్ నా వంక చూశాడు. చెప్పమని వారం రోజులుగా ప్రాణం తీసినవాణ్ణి, అప్పుడు కనీసం తలైనా ఆడించలేకపోయాను.

"లేదమ్మా" అన్నాడు. "మొగం నిమ్మళంగా ఉన్నింది."

అవతల ఆమె ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీదుకుని, "సల్లగా బతుకు నాయనా" అంది.