ఒర మీద బొట్టు

మొన్న దసరాకు మా మేనకోడలు తన ఆఫీసులో ఆయుధపూజకు రమ్మంటే వెళ్ళాను. వరసగా కంప్యూటర్లు, ఒక్కొక్క దాని నెత్తిన ఎర్రటి ప్లాస్టిక్ బొట్టుబిళ్ళ. ఇదేమిటమ్మా అని అడిగితే, నిజం కుంకుమ పెడితే మెషీను పాడైపోతుంది మావయ్యా అని నవ్వింది. ఆ పిల్లకు తెలియదు గానీ, ఆ మాట నన్ను మా పాత కొట్టులోకి తీసుకెళ్ళింది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎనభైల నడుమ మా చిలకలూరిపేటలో టీవీ బొమ్మ కనపడాలంటే డాబా మీద కొబ్బరిచెట్టంత గొట్టం నిలబెట్టి, దాని కొసన యాంటెన్నా, యాంటెన్నా పక్కన సిగ్నల్ పెంచే బూస్టరు బిగించాల్సి వచ్చేది. గట్టిగా ఉరిమితే చాలు, బూస్టరు పోయేది. వాటిని బాగుచేసే కొట్టు నేను మా ఇంటి ముందరి కచేరీ గదిలో పెట్టాను. మా తాతగారు కూర్చుని నాలుగు ఊళ్ళ తగవులు తీర్చిన గది అది. పొలాలు కోర్టుల్లో కరిగిపోయాయి, దసరాకు పూజ చేసే ముత్తాతగారి కత్తి పంపకాల్లో పెదనాన్నగారి వాటాకు పోయింది. మిగిలింది ఆ గది, మా నిటారు వెన్నెముకలు. అయినా ఒకరి దగ్గర గుమాస్తాగా చేయి కట్టుకుని నిలబడటం మాకు చేతకాదు. దాన్ని గర్వమంటారా, అనండి, కాదనను.

నాన్నగారు మాత్రం ఆ గది గడప తొక్కేవారు కారు. దాన్ని డబ్బాల కొట్టు అనేవారు. మా చిన్నమామయ్య వచ్చినప్పుడల్లా వీధిలోంచే కేకేసేవాడు: "ఏరా అల్లుడూ, మీ ముత్తాత కత్తి పట్టాడు, నువ్వు స్క్రూడ్రైవరు పట్టావు. రేపు నీ కొడుకు ఏం పడతాడ్రా, గుండుసూదా?"

బూస్టర్లకు సిగ్నల్ జనరేటరు కావాలి. గాలిలో వచ్చే టీవీ సిగ్నల్ లాంటిదాన్ని మన బల్ల మీదే, మనకు కావలసినంత సన్నగా పుట్టించే యంత్రం అది. అది లేకపోతే బూస్టరు బాగైందో లేదో చెప్పడం ఊహాగానమే. కొత్తది నా బోటివాడికి అందేది కాదు. మద్రాసు పాత సామాన్ల బజారులో ఒకటి దొరికింది, పెద్ద ఇనప్పెట్టె, నిండా గాజు వాల్వులు. మోసుకొచ్చి ప్లగ్గు పెడితే కందిరీగల తుట్టెలా హోరు తప్ప ఏమీ లేదు. ఎండిపోయిన కండెన్సర్లు మార్చాను, హోరు పోయింది. అప్పుడు తెలిసింది, ఎవరో మహానుభావుడు సిగ్నల్ బయటికి రావలసిన దారిలోకి ట్రాన్స్‌మిటరు పవరు ఎదురు పంపి లోపలి రెసిస్టర్లు మాడ్చేశాడని. అవి మార్చాను. స్విచ్చి కాంటాక్టులు నల్లబడి ఉంటే స్పిరిటుతో తుడిచాను. ఒక లోపం తీస్తే దాని వెనక దాక్కున్న మరో లోపం తొంగిచూసేది. ఆ వానాకాలమంతా అలాగే గడిచింది.

ఆ రోజుల్లోనే నాన్నగారు తేల్చి చెప్పేశారు, దసరా దాకా చూస్తాను, అప్పటికీ ఈ కొట్టు నిలబడకపోతే గది మిరపకాయల వ్యాపారికి బస్తాలు వేసుకోవడానికి ఇచ్చేస్తానని. తాతగారి గదిలో బస్తాలు! ఇంతలో గుంటూరు డీలరు ఒకాయన, పండగ వెళ్ళాక మనిషిని పంపుతాను, మీ జనరేటరు పనిచేస్తున్నట్టు అతను చూసి చెబితే జిల్లాలోని నా బూస్టర్లన్నీ మీకే అన్నాడు. నవమికి ముందురోజు జనరేటరు ఎక్కడా తెగని సిగ్నల్ ఇచ్చింది. నవమి పొద్దున దాని పెట్టె మీద ఇంత బొట్టు పెట్టి, డీలరుకు కబురు చెప్పడానికి గుంటూరు బస్సెక్కాను.

పండగ వెళ్ళిన మర్నాడు ఆ మనిషి వచ్చాడు. కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, ఠీవిగా స్విచ్చి వేశాను. దీపం వెలిగింది. సిగ్నల్ లేదు. మీటరు ముల్లు చచ్చినట్టు పడి ఉంది. కరెంటు సరఫరా చూశాను, సరిగానే ఉంది. వాల్వు మార్చాను, ఊహూఁ.

"ఏమండీ, మొన్న పనిచేసిందంటిరి?" అన్నాడు ఆయన మెల్లగా.

ప్లగ్గు పీకి పెట్టె విప్పాను, లోపలి ఇత్తడి డబ్బా మూత కూడా తీశాను. ట్యూనింగు కండెన్సరు పాత రేడియోల్లో చూసే ఉంటారు, ఒకదాని సందులోకి ఒకటి తగలకుండా దూరే అర్ధచంద్రాకారపు రేకులు. వాటి మధ్య గాలి తప్ప నలుసు కూడా ఉండకూడదు. ఆ రేకుల నిండా పసుపు. పసుపు మీద, మూసిన డబ్బాలో ఇంకా చెమ్మ ఆరని కుంకుమ బొట్లు.

డీలరు మనిషి వంగి చూసి, "మేం చర్చికి పోయేవాళ్ళం, నాకు తెలవదు గానీ, మీలో పూజ లోపల చేస్తారాండీ?" అన్నాడు.

అమ్మను పిలిచాను. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సమాధానం గడప అవతలి నుంచి వచ్చింది. నాన్నగారు.

"ఒరకు బొట్టు పెట్టి ఊరెళ్ళిపోతావట్రా? మన ఇంట ఎప్పుడైనా ఒరకు పెట్టామా? కత్తి బయటికి తీసి పెట్టాలి గానీ. రేకులు కత్తుల్లాగే ఉన్నాయి, వాటికి పెట్టాను."

ముందు నాకు తట్టింది ప్రమాదమే. ఆ పెట్టెలో ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది, నేను వెళ్ళేటప్పుడు ప్లగ్గు పీకకపోయి ఉంటే! ఆ తర్వాత గానీ రెండో సంగతి తలకెక్కలేదు. కత్తి పోయిన నాటి నుంచీ ప్రతి నవమికీ తలుపు వేసుకుని ఒంటరిగా కూర్చునే మనిషి, అడుగు పెట్టనన్న గదిలోకి వచ్చి, ఒక్కొక్క మరే విప్పి, నా డబ్బాలో మా వంశపు ఆయుధాన్ని చూశాడు.

స్పిరిటుతో, సన్న కుంచెతో రేకు రేకూ కడిగి యంత్రాన్ని పెరట్లో ఎండకు పెట్టాను. జిన్నింగు మిల్లు నుంచి దూది నలుసులు ఎగిరివస్తున్నాయి. నాన్నగారు వచ్చి, తన ఉత్తరీయం రెండు చేతులా గాలివాటుకు అడ్డం పట్టి, అది ఆరేదాకా అలాగే నిలబడ్డారు. ఆ దృశ్యం చూసిన డీలరు మనిషి పెరటి గుమ్మం దగ్గర వేయించుకున్న కుర్చీలోంచి లేచి నిలుచున్నాడు.

మళ్ళీ బల్ల మీదికి చేర్చి స్విచ్చి వేస్తే ముల్లు లేచింది. బూస్టర్లు వచ్చాయి. గది మాకే మిగిలింది. మర్నాటి నుంచి నాన్నగారు అందులో పడక్కుర్చీ వేయించుకున్నారు, వచ్చినవాళ్ళకు అది ఫలానా యంత్రమని, పేరు తప్పు పలుకుతూనే, నిటారుగా కూర్చుని చెప్పేవారు.

ఇప్పుడు బూస్టర్లూ లేవు, బాగుచేసేవాళ్ళూ లేరు. మేనకోడలి ఆఫీసులో పూజయ్యాక ఒక ల్యాప్‌టాప్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. ఎక్కడా ఒక్క మర లేదు, అంతా అతికించేశారు. విప్పి చూసే వీలే లేని వాటికి బొట్టు ఎక్కడ పెట్టాలో నాన్నగారుంటే అడిగి ఉండేవాణ్ణి.