గేటు బయట మా కుట్టుమిషను అక్క

మా కింది వాటాలో ఉండే కుట్టుమిషను అక్క పోయింది. కామెర్లు ముదిరి, సర్కారు దవాఖానాలో, మొన్న సోమవారం తెల్లవారుతుండగా. కబురు విని నేను ఏడవలేదు. ఒళ్లు మండింది. ఇంకా మండుతూనే ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

అక్క చాలా ఏళ్లు అడవిలో దళంతో తిరిగి, తుపాకీ అప్పగించి లొంగిపోయిన మనిషి. ఇకనైనా మామూలుగా బతకమని సర్కారు ఒక కుట్టుమిషను ఇచ్చింది. అది పెట్టుకునే చోటే దొరకలేదు. ప్రతి సోమవారం ఠాణాకు వెళ్లి సంతకం పెట్టాలి. ఒంట్లో బాగాలేక ఒక వారం తప్పిందా, కానిస్టేబుల్ గేటు ముందు నిలబడి వీధంతా వినేలా ఆమెను పిలిచేవాడు. ఆ నెలాఖరుకే ఓనర్లు ఇల్లు ఖాళీ చేయమనేవారు. అశోక్‌నగర్‌లో అదే జరిగింది, నారాయణగూడలోనూ అదే. అలా చిక్కడపల్లిలో మా ఇంటికి చేరింది.

"అడవిల దినానికో కాడ పండుకున్న చెల్లె. పట్నమొస్తె ఒక్క కాడ ఉంటననుకున్న," అనేది, సూదికి దారం ఎక్కిస్తూ.

జాకెట్టు గుడ్డల కోసం ఇద్దరం బజారుకు వెళ్తే నాతో కలిసి నడిచేది కాదు. కొంచెం దూరంగా, వెనకాలే వచ్చేది. నేను ఆగితే తనూ ఆగేది. ఓసారి విసుగొచ్చి, "పక్కన నడవొచ్చుగా అక్కా, పరాయిదానిలా ఏమిటది?" అన్నాను.

"పక్కపక్కన నడిస్తె, కాల్పులైతె ఒక్కపారే ఇద్దరం పోతం. నువ్వన్న ఉండాలె గద," అంది.

కూరగాయల బండ్ల మధ్య కూడా నా ప్రాణం గురించి ఆలోచించిన మనిషిని మా ఓనరు ప్రమాదకరమైన మనిషి అనేవాడు. ఆయన కూతురి పెళ్లి జాకెట్లన్నీ అక్కే కుట్టింది. పెళ్లికి మాత్రం పిలవలేదు.

అద్దెకున్నవాళ్లు చనిపోతే శవాన్ని ఇంట్లోకి రానివ్వకపోవడం ఈ ఊళ్లో చాలామంది ఓనర్లకు ఆచారం. ఇంటికి మంచిది కాదట. ట్రాలీ ఆటోలో అక్కను తెచ్చేసరికి గేటుకు తాళం వేసి ఉంది. ఎండలో, రోడ్డు పక్కన చాప వేసి పడుకోబెట్టాం. ఊరి నుంచి ఆమె తమ్ముడు రావాలి. అక్క దగ్గర బట్టలు కుట్టించుకునే పాలమూరు ఆడవాళ్లు కూలి మానుకొని వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఎంత బతిమాలినా ఓనరు కిటికీలోంచే, "రూలు అందరికీ ఒకటేనండీ," అన్నాడు. సిగ్గు లేదు ఆ మనిషికి.

మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చాడు, సంతకానికి రాలేదేమని. మా వైపు చూడకుండా గేటు తట్టి ఆమె ఉందా అని అడిగాడు.

"ఖాళీ చేసిందండీ," అన్నాడు ఓనరు.

నేను చాప చూపించాను. కానిస్టేబుల్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "గిట్ల రోడ్డు మీదనా? గేటు తియ్యి," అన్నాడు. బతికుండగా ఆమెకు ఇళ్లు లేకుండా చేసిన గొంతు అది.

పోలీసు అనేసరికి తాళం ఊడింది. ఓనరు రెండు రెక్కలూ తోసి, "తెచ్చుకోండి లోపలికి, నేనేం వద్దన్నానా?" అన్నాడు.

"అక్కర్లేదు," అన్నాను.

సాయంత్రం అక్కను ఎత్తేదాకా గేటు బార్లా తెరిచే ఉంది. మాలో ఒక్కరం కూడా లోపలికి పోలేదు.