అల్లుడి డబ్బా

మా వదిన గిన్నెను ముందు గీకుతుంది, తర్వాత కడుగుతుంది. గీకగా వచ్చినదాన్ని ఇంకో దాంట్లో కలిపి, మళ్ళీ ఒకసారి వేలితో తుడిచి చూసుకుంటే గానీ ఆ గిన్నె నీళ్ళ మొహం చూడదు. కుట్టు దుకాణంలో గుడ్డ కత్తిరించడం ఆమె పని. అక్కడ మిగిలిన ముక్కలతో మా ఇంట్లో దిండు గలీబులు, చేతిసంచులు, చివరికి నా కళ్ళజోడుకి ఒక తొడుగు కూడా తయారయ్యాయి.

"నన్ను కూడా ఏ మిగిలిన ముక్కతోనో కుట్టుంటారు వదినా" అన్నానొకసారి.

"నిన్నా? నువ్వు కొలత తప్పి పాడైన గుడ్డవి. అతుక్కి కూడా పనికిరావు" అంది.

నేను ఆమె ఆడపడుచుని. ఒకే ఇంట్లో ఉంటాం. మా అన్నయ్య లారీ మీద నెలలో సగం రోజులు ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి, ఒకళ్ళనొకళ్ళం దెప్పుకోవడానికి మాకు కావలసినంత తీరిక.

ఆదివారం వస్తే వదిన చాక్లెట్లు చేస్తుంది. వేరుశనగ గుళ్ళు సన్నటి సెగ మీద వేయించి, పొట్టు నలిపి, వీధిగుమ్మంలో చెరుగుతుంది. మిక్సీలో వేస్తే అవి ముందు పొడి అవుతాయి, తర్వాత ముద్ద కడతాయి, మిక్సీ మూలుగుతూ వేడెక్కాక నూనె వదిలి మెత్తటి వెన్నలా జారతాయి. దుకాణంలో సీసాల్లో అమ్మే పీనట్ బటర్ దీని ముందు దిగదుడుపే. అందులో చక్కెర పొడి, కాస్త వెన్న, చిటికెడు ఉప్పు, పంటికి తగలడానికి కొన్ని పల్లీ పలుకులు కలిపి ఉసిరికాయలంత ఉండలు చేసి ఫ్రిజ్‌లో పెడుతుంది. అవి గట్టిపడేలోపు వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్ కరిగిస్తుంది. ఆ సమయంలో నేను వంటింట్లో తుమ్మినా ఒప్పుకోదు. ఒక్క నీటిచుక్క పడితే చాక్లెట్ అంతా ఇసకలా అయిపోతుందట. ఒక్కో ఉండనీ ఫోర్కుతో ముంచి, తీసి, గిన్నె అంచుకి తట్టి కాగితం మీద పెడుతుంది. మునగాలంటే చాక్లెట్ లోతుగా ఉండాలి. అందుకని ఉండలన్నీ అయ్యాక గిన్నె అడుగున ఎప్పుడూ కొంత మిగిలిపోతుంది. వీధిలో పిల్లలు ఆమెను చాక్లెట్టత్త అంటారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమె నడక మారుతుంది.

అలాంటి మనిషికి వచ్చిన అల్లుడికి వేరుశనగ పడదు. పడదంటే దద్దుర్లతో పోయే సంగతి కాదు. చిన్నప్పుడు ఒక్క పలుకు నోట్లోకి పోతే గొంతు వాచి, ఊపిరాడక, ఆస్పత్రిలో ప్రాణం దక్కించుకున్నాడట. తొడలో గుచ్చుకునే మందు సూది ఒకటి పెన్నులా ఎప్పుడూ వెంటే ఉంటుంది. సంబంధం మాట్లాడుకున్న రోజే అతని తల్లి అది తీసి, ఎలా వాడాలో మాకు చూపించింది. అబ్బాయి బంగారం. లిఫ్టులు బాగుచేసే మెకానిక్, నెమ్మదస్తుడు, మా పిల్లంటే ప్రాణం. వదిన సరేనంది గానీ ఆ రాత్రి నాతో, "లోకంలో ఇంతమంది మగపిల్లలుంటే నా చేతి చాక్లెట్ తినలేనివాడే దొరకాలా" అని వాపోయింది.

ఊరుకునే రకం కాదుగా. పెళ్ళయిన మరుసటి వారం నుంచే అల్లుడి కోసం వేరుశనగ లేని చాక్లెట్లు మొదలుపెట్టింది. వాటికి వేరే అచ్చులు, వేరే పళ్ళెం, వేరే చెంచా. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చీర కూడా మార్చుకుని చేసేది. నీలం మూత డబ్బాలో సర్ది కూతురికిచ్చి పంపేది. మరునాడు అల్లుడు ఫోన్ చేసి, "అద్భుతం అత్తయ్యా" అనేవాడు. ఆ ఒక్క మాటనీ వదిన మా వీధిలో గడపగడపకీ పంచిపెట్టేది.

మొన్న ఆదివారం కూడా అలాగే చేసింది. సాయంత్రం కూతురు వచ్చి డబ్బా పట్టుకెళ్ళింది. సోమవారం కుట్టు దుకాణానికి సెలవు. మధ్యాహ్నం టీ పెట్టి, డబ్బాలో పట్టక మిగిలిన చాక్లెట్ ఒకటి నా చేతిలో పెట్టింది వదిన.

"అల్లుడి వాటా తింటున్నావ్. పుణ్యం చేసుకున్నావు" అంది.

కొరికాను. పంటి కింద ఏదో పటుక్కుమంది. నాలుకతో ముందుకు నెట్టి వేలి మీదకు తీసుకుని చూశాను. వేరుశనగ పలుకు.

"వదినా, ఇందులోకి పల్లీ ఎలా వచ్చింది?"

"రాకేం? ఉండలు ముంచిన చాక్లెట్టేగా. అడుగున మిగిలింది పారబోస్తానా?" అని టీ ఊదుకుంది.

ఆ తర్వాత ఊదడం ఆగిపోయింది.

ఏడాదిగా ఆమె లెక్క ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. వేరుశనగ ఉండ లోపల ఉంటుంది, చాక్లెట్ పైన ఉంటుంది. రెండూ వేరు. పళ్ళెం మార్చింది, చెంచా మార్చింది, కట్టుకున్న చీర మార్చింది. గిన్నెలో మిగిలినదాన్ని మాత్రం మార్చలేదు. మిగిలినదాన్ని వాడుకోవడం ఆమెకు ఊపిరి తీసుకోవడం లాంటిది. దాని గురించి మనిషి ఆలోచించదు.

"ఏడాదిగా ఇలాగే పంపుతున్నావుగా. అతనికేం కాలేదుగా" అన్నాను, ఆమెకో నాకో ధైర్యం చెబుతూ.

"ఇన్నాళ్ళూ పలుకు రాలలేదేమో. నిన్న ఫ్రిజ్‌లో చోటు లేక ఉండలు మెత్తగా ఉన్నప్పుడే ముంచాను. ముంచుతుంటే చిట్లాయి కూడా. చూశాను. నా కళ్ళతో చూశానమ్మాయ్!"

అల్లుడికి ఫోన్ చేస్తే అందుబాటులో లేడంది. కూతురికి చేశాం.

"డబ్బా ఆయన పనికి తీసుకెళ్ళారమ్మా. భోజనం చేశాక తింటానన్నారు. ఏం, ఎందుకు?"

చెప్పాను. అవతల ఒకటే ఏడుపు. ఏడుపు మధ్యలోనే చిరునామా చెప్పించుకున్నాను. పెద్ద బజారులో బట్టల షాపు మీద ఆఫీసులున్న భవనం. సూది సంచీలోనే ఉంటుందని, లిఫ్టు గోతిలో ఉంటే ఫోన్ పలకదని చెప్పింది. పిల్ల పనిచేసే చోటు ఊరికి ఆ చివర. అక్కడికి ముందు చేరగలిగేది మేమే.

టాక్సీలో వదిన ఒక్కచోట కూర్చోలేకపోయింది. గిన్నెలు తుడిచే గుడ్డ ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ప్రతి సిగ్నల్ దగ్గరా ముందుకు వంగి డ్రైవర్‌ని బతిమాలుతోంది. భోజనం వేళ దాటిపోయిందని మా ఇద్దరికీ తెలుసు.

"గుప్పెడు చాక్లెట్టు కోసం... పారబోస్తే నా సొమ్మేం పోయేది?" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె పిసినారితనాన్ని వెక్కిరిస్తూ ఇన్నేళ్ళూ నవ్వుకున్నదాన్ని నేనే. అయినా ఆ క్షణాన ఆమెను పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఆమె గుడ్డను మెలిపెడుతుంటే చూసి, గుడ్డతో సహా ఆ చేతిని నా ఒళ్ళోకి లాక్కున్నాను. ఇద్దరం ఏడవలేదు. ఏడిస్తే నిజమైపోతుందని భయం.

భవనంలో లిఫ్టు తలుపులకి అడ్డంగా 'మరమ్మతు జరుగుచున్నది' అని బోర్డు. కాపలాదారు, "లిఫ్టువాళ్ళా? అన్నాలు తినేసి మళ్ళీ పైకెళ్ళారు. అన్నిటికన్నా పైన, మిషన్ గది" అన్నాడు. లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పులతో మా ఇంటి మేడ కూడా ఎక్కని మనిషి, రెయిలింగు పట్టుకుని నాకన్నా ముందు ఎక్కింది. నడిమి అంతస్తులో నేను ఆగిపోయి రొప్పుతుంటే వెనక్కి కూడా చూడలేదు. పై నుంచి ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నేను చేరేసరికి మిషన్ గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల తాళ్ళు చుట్టిన పెద్ద చక్రం, గ్రీజు వాసన. పనిముట్ల పెట్టె మీద నీలం మూత డబ్బా, తెరిచి ఉంది. ఒక్క చాక్లెట్ లేదు.

అల్లుడు చక్రం వెనక నుంచి నల్లటి చేతులతో లేచాడు. "అత్తయ్యా! మీరేంటి ఇక్కడ?"

"చాక్లెట్లు?" అంది వదిన డబ్బా చూపించి.

అతను నవ్వాడు. ఎప్పుడూ ఫోన్‌లో వినిపించే గొంతే. "అద్భుతం అత్తయ్యా. ఇప్పుడే అయిపోగొట్టాను."

వదిన నోట్లోంచి వచ్చిన అరుపు లాంటిది నేనింతవరకూ వినలేదు. గోడకున్న అతని సంచీ మీద పడి, అందులోవన్నీ నేల మీద కుమ్మరించి, పెన్ను లాంటి ఆ సూది పట్టుకుంది. మూత పీకేసింది. అతను వెనక్కి జరిగితే గోడ తగిలింది.

"పల్లీలున్నాయి అందులో! నేనే వేశాను! కదలకు బాబూ!"

"తినలేదు అత్తయ్యా! నేను తినలేదు!"

"ఇప్పుడే తిన్నానన్నావు. నేను బాధపడతానని అబద్ధమాడకు. ఊపిరాడుతోందా? గొంతు పట్టేసిందా?" సూది అతని తొడ మీదకి దించబోతోంది. నేను వెనక నుంచి ఆమె నడుం పట్టుకున్నాను. నా బలం చాలలేదు.

ఆ చప్పుడుకి మెట్ల మీద నుంచి ఒక పెద్దాయన పరుగున వచ్చాడు. అల్లుడితో పనిచేసే సీనియర్ మెకానిక్. ఆయన మూతికి చాక్లెట్ అంటి ఉంది. "తిన్నది మేమమ్మా" అన్నాడు ఆయాసపడుతూ. "అతను ఒక్కటి కూడా ముట్టడు. ఎప్పుడూ అంతే, డబ్బా మూత కూడా మా చేతే తీయిస్తాడు."

వదిన చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఎప్పుడూ అంతేనా?" అంది.

అల్లుడు తల వంచుకున్నాడు. "క్షమించండి అత్తయ్యా. ఒక్కటి కూడా తినలేదు. మీ వంటింట్లో ఎక్కడ చూసినా పల్లీలే. ఎంత జాగ్రత్తగా చేసినా నాకు భయం. వద్దంటే మీరు నొచ్చుకుంటారని..."

సూది నా చేతిలో పెట్టి, వదిన అక్కడే నేల మీద కూలబడింది. అప్పుడేడ్చింది. గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. నాకూ పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది, గోడకి ఆనుకుని నిలబడ్డాను. అతను ఎదురుగా గొంతుక్కూర్చుని ఏం చెయ్యాలో తెలియక గ్రీజు చేతులు గాల్లో పెట్టుకున్నాడు.

"నన్ను నమ్మలేదు కాబట్టి బతికున్నావు" అంది చివరికి. "అదృష్టమయ్యా. నా అదృష్టం. కానీ ఇక మీదట నా దగ్గర దాచకు. భయమైతే భయమని చెప్పు. నేను నొచ్చుకుంటే నొచ్చుకోనీ."

అతను చేతుల గ్రీజు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అయితే ఇంకోటి కూడా చెప్పాలి అత్తయ్యా. మీ ఇంట్లో భోజనం చేసిన ప్రతిసారీ నాకు భయమే. ముందే ఇంట్లో తినేసి వస్తాను. మీ ముందు నాలుగు మెతుకులు కలిపి, సూది జేబులో ఉందో లేదో చూసుకుంటూ మింగుతాను."

మితంగా తినే మనిషని మేం ఇన్నాళ్ళూ మెచ్చుకున్నాం. వదిన ఆ మాటకి ఏడుపు ఆపేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, "వచ్చే ఆదివారం మేమే మీ ఇంటికి వస్తాం. వంట నువ్వు చెయ్యి" అంది.

వెళ్ళాం. వాళ్ళింట్లోకి అడుగుపెట్టగానే వదిన తిన్నగా పంపు దగ్గరికెళ్ళి, మోచేతుల దాకా కడుక్కుని, వంటింటి గడప ఇవతలే కూర్చుంది. ఏమీ ముట్టుకోలేదు. అల్లుడు వండాడు. ఉప్పు కాస్త ఎక్కువైంది, నేను అననూ అన్నాను. అందరికీ వడ్డించి, తనూ మా పక్కనే కూర్చుని కబుర్లు చెబుతూ తిన్నాడు. కంచం ఖాళీ చేసి, మళ్ళీ నిండా వడ్డించుకుని, అదీ ఖాళీ చేశాడు. వదిన తన కంచంలో ముద్ద కలుపుతూ కలుపుతూ, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి, అతను తినడమే చూస్తూ కూర్చుంది.